ఎద్దుకు పేరుంది, పాలేరుకు లేదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో ఊళ్ల చరిత్రల మీద వస్తున్న ఉత్తరాలు ఇక్కడ ఫోన్‌లో చదువుతున్నాను. ఇక్కడ అంటే అలబామా. మా అబ్బాయి మాంట్‌గోమరీ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరు, ఏడాదిలో ఆరు నెలలు మేమిద్దరం వాడి దగ్గరే. సిటీకి దూరంగా ఇల్లు తీసుకున్నాడు, చుట్టూ పొలాలు. ఈ ప్రాంతాన్ని బ్లాక్ బెల్ట్ అంటారు, మొదట నల్లమట్టిని బట్టి వచ్చిన పేరే. మా పల్నాడు రేగడిలాగే వాన పడితే చెప్పులకు ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది. ఒకప్పుడు ఇదంతా పత్తి, ఆ పత్తి తీసింది బానిసలు.

పక్కింటి మామ్మగారు నల్లజాతి ఆవిడ, ఎనభై దాటాయి. పోయిన ఆగస్టులో వాళ్ల చర్చి హోమ్‌కమింగ్‌కి మమ్మల్నీ తీసుకెళ్లారు. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు, ఆ ఆదివారానికి డెట్రాయిట్, చికాగోల నుంచి మనవలూ మునిమనవలూ దిగారు. 1910కీ 1970కీ మధ్య దక్షిణాది నుంచి దాదాపు 60 లక్షల మంది నల్లవాళ్లు వలసపోయారు, వాళ్ల పిల్లలన్నమాట వీళ్లంతా. చెట్ల కింద బల్లలేసి భోజనాలు. బెండకాయ వేపుడు కనపడగానే మా ఆవిడ మొహం వెలిగింది గానీ, అది మొక్కజొన్న పిండిలో పొర్లించి వేయించింది, కారం మాటే లేదు.

ఇంటికొచ్చాక మామ్మగారు వాళ్ల పాత బైబిల్ తీశారు. అందులో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసుకునే పేజీలున్నాయి. నాలుగు రకాల సిరాలు, నాలుగు చేతిరాతలు. అన్నిటికన్నా పైన ఒక ఆడమనిషి పేరు, ఇంటిపేరు లేదు, పక్కన ‘సుమారు 1848’ అని. అంతకు వెనక్కి పోదామంటే దారి లేదట. బానిసలుగా బతికినవాళ్లను అందరితో పాటు పేరుపెట్టి రాసిన మొదటి జనాభా లెక్కలు 1870వి. 1850, 1860 లెక్కల్లో యజమాని పేరు రాసి, దాని కింద ఒక్కో బానిసకు వయసు, ఆడో మగో, ఒంటి రంగు, దాదాపు అంతే. మనవడు తీసిచ్చిన 1860 నాటి కాగితంలో ‘12, ఆడ, నలుపు’ అన్న వరస మీద వేలు పెట్టి, “ఇది మా ముత్తవ్వ అయ్యుండచ్చు, కాకపోనూ వచ్చు” అన్నారు.

నాకు మా తాత పద్దుపుస్తకం గుర్తొచ్చింది. అటక మీద దొరికితే ఫొటోలు తీసి మావాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి గొప్పలు పోయినవాణ్ని నేనే. అందులో ‘బసవడి గిట్టకు మందు, రెండణాలు’ అని ఉంది. బసవడంటే ఎద్దు. మనుషుల దగ్గరికొచ్చేసరికి ‘పెద్దపాలేరుకు జొన్నలు’, ‘చిన్నపాలేరుకు పంచె’.

బానిసత్వమూ పాలేరుతనమూ ఒకటేనని అనను. కానీ మీకొచ్చే ఉత్తరాలు చూడండి, నేను కిందటేడు రాసిందీ అదే బాపతు: గుడి, కోట, జమీందారు, ఊరికి బడి తెచ్చిన పెద్దమనిషి. రెండు వందల ఏళ్ల కిందట కంపెనీ సర్వేయరు మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి కైఫియత్తులు, అంటే ఊళ్ల వృత్తాంతాలు, రాయించినప్పటి నుంచీ ఇదే వరస, ఊరి లెక్కలు రాసే కరణాన్ని అడిగితే కరణం తనకు లెక్క ఉన్నవాళ్ల సంగతే చెప్తాడు మరి. 1984లో కరణాల ఉద్యోగాలు పోయాయి, ఆ అలవాటు పోలేదు.

మా పెద్దమ్మకు ఫోన్ చేసి చిన్నపాలేరు పేరేంటని అడిగాను. తొంభైకి దగ్గరపడ్డా మా గేదెలన్నీ గుర్తే ఆవిడకి. కాసేపు ఆలోచించి “చిన్నపాలేరనే పిలిచేవాళ్లం కదరా” అంది. ఆయన మనవడు ఊళ్లో ఆటో తోలుతున్నాడట, నంబరు సంపాదించాను. ఇంకా ఫోన్ చెయ్యలేదు, ఏమని మొదలుపెట్టాలో తెలీక.

ఊరి చరిత్ర పంపే ప్రతివాళ్లనీ, తమ ఇంట్లో పనిచేసిన ఒక్కరి పేరైనా కనుక్కుని రాయమని మీ పత్రికలో అడగండి సార్. ఉత్తరం పొడుగైందనుకుంటే బెండకాయ సంగతి తీసెయ్యండి, పద్దు సంగతి ఉంచండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా (ప్రస్తుతం అలబామా)