2024-25 వార్షిక నివేదిక: మైదానం, సాయంత్రం బడి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడు సంఘం పనిలో ఎక్కువ భాగం జిల్లా పరిషత్ హైస్కూలు మైదానంలోనూ, దాని పక్క గదిలోనూ జరిగింది. బడి వదిలాక ఆట, పొద్దుగూకాక చదువు. కబడ్డీ, ఖోఖో, పరుగు. సున్నంతో గీతలు గీస్తే చాలు మొదలైపోయే ఆటలివి, అందుకే ఎంచుకున్నాం.

ముందుగా ఒక నిర్ణయం గురించి చెప్పాలి. దీని మీద గట్టి చర్చే నడిచింది. మార్కులు తక్కువ వచ్చిన పిల్లల్ని మైదానంలోకి రానివ్వొద్దని కొందరు పెద్దలు పట్టుబట్టారు. వారి ఆరాటం నిజమైనదే. అయినా కార్యవర్గం ఒప్పుకోలేదు. చదువులో వెనకబడ్డ పిల్లవాణ్ణి ఇంకా బడికి రప్పిస్తున్నది ఆటే. అదీ తీసేస్తే వాడు పుస్తకం ముందు కూర్చోడు, పనిలోకి పోతాడు.

పత్తి ఏరే రోజుల్లో ఇది కళ్లారా చూశాం. దసరా దాటిందంటే బడిలో హాజరు పడిపోతుంది, ముందు మానేసేది ఆడపిల్లలే. రోజు కూలి మీద బతికే ఇంటికి వెళ్లి నీతులు చెప్పడం మాకు సబబు అనిపించలేదు. అందుకే ఆ రోజుల్లో చదువు వేళను రాత్రికి జరిపాం, చిన్న తమ్ముణ్ణో చెల్లెనో వెంట తెచ్చుకోవచ్చన్నాం. పత్తికాయ మొనలకు గీరుకుపోయిన వేళ్లతో పెన్సిల్ పట్టుకుని భిన్నాలు చేసిన ఆడపిల్లల్ని ఆ గదిలో చూసిన సభ్యులెవరూ మర్చిపోరు. ఆదివారం ఖోఖో ఉందంటే మాత్రం అలసట ఊసే ఉండేది కాదు.

మన వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి గెలుపు ఈ ఏడు ఊరి మాటను కొంత మార్చింది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్ల టీ20 (బుద్ధి ఎదుగుదలలో లోపమున్నవారి విభాగం) పరుగును 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డుతో స్వర్ణం, సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. కూలి చేసుకునే తల్లిదండ్రులు, బుద్ధి ఎదుగుదలలో లోపముందని చుట్టుపక్కలవాళ్లు అన్న మాటలు, బడిలో ఆమె పరుగును గుర్తించిన పీఈటీ, తర్వాత చేయి పట్టుకుని నడిపించిన కోచ్ నాగపురి రమేశ్. ఈ కథ విన్న తర్వాతే, ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉంచిన ఒక పాపను వాళ్లమ్మ మైదానానికి తీసుకొచ్చింది. ఆ పాపకు అక్షరాలు ఇంకా కుదరలేదు. విజిల్ వింటే మాత్రం గీత మీద బుద్ధిగా నిలబడుతుంది. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి మన వాళ్లే తోడు వెళ్లారు.

చిన్న పిల్లలను హకీంపేట క్రీడా పాఠశాల ఎంపికలకు సిద్ధం చేశాం. నాలుగో తరగతి ప్రవేశానికే ఎత్తు, బరువుతో పాటు 30 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, షటిల్ రన్, మెడిసిన్ బాల్, 800 మీటర్ల పరుగు అన్నీ కొలుస్తారు. చాలా ఇళ్లలో ఇలాంటి బడి ఉందన్న సంగతే తెలియదు. పుట్టిన తేదీ పత్రం, ఆధార్‌లో పేరు తేడాలు సరిచేయించడానికే మాకు పరుగు కంటే ఎక్కువ శ్రమైంది.

పెద్ద పిల్లలతో ఒకటే మాట గట్టిగా చెప్పాం. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉంది. కానీ పతకం ఒక్కటే అక్కడికి తీసుకెళ్లదు, ఆ ఉద్యోగానికి కావలసిన చదువూ ఉండాలి. పది తప్పి ఆగిపోయినవాళ్లను ఓపెన్ స్కూల్లో చేర్పిస్తున్నాం.

రోజూ ఆట తర్వాత పల్లీపట్టి, వారానికి రెండుసార్లు ఉడికిన గుడ్డు ఇచ్చాం. ఖాళీ కడుపుతో కూత పెట్టించడం మాకు చేతకాదు. జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో మీ చేతికిస్తాం.

జూన్ 12న బడులు తెరుచుకునేలోపు మూడు పనులు కావాలి: మైదానానికి రెండు లైట్లు, ఆడపిల్లలకు తలుపున్న గది, సాయంత్రాలు మైదానంలో తోడుండే ఇద్దరు అక్కలు. లైట్లకు చందాలు మొదలయ్యాయి. గదికి హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. మూడోదానికి మన సభ్యుల ఇళ్లలోనే మనుషులున్నారు. వీలున్న అక్కచెల్లెళ్లు సమావేశం రోజున పేరు రాయించండి.

— కార్యదర్శి, కార్యవర్గం తరఫున