ఛార్జింగ్ పోర్టు బాగుచేయమంటే డిస్క్ తుడిచేశారు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ఛార్జింగ్ పోర్టు రిపేరుకి ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో నన్ను అడగకుండా లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) తీసేసి విండోస్ వేయడం, దానికి డబ్బు కూడా వసూలు చేయడం గురించి.

అయ్యా,

నేను విజయవాడలో ఇంటి దగ్గరే ఉండి తెలుగు పుస్తకాలకు టైప్‌సెట్టింగ్ చేస్తాను, ప్రూఫులు చూస్తాను. నా ల్యాప్‌టాప్ మీ కంపెనీదే. ఛార్జర్ పిన్ను పెడితే వదులుగా ఊగుతోందని మార్చి 3న మీ సర్వీస్ సెంటర్లో ఇచ్చాను. జాబ్ షీట్ మీద ఫిర్యాదు ఒక్కటే రాశారు: ఛార్జింగ్ పోర్టు లూజ్. నాలుగు రోజుల తర్వాత రిపేరు పూర్తయిందని మెసేజ్ వస్తే వెళ్లాను. బిల్లులో పోర్టు ఖరీదు కింద ఇంకో వరుస కనిపించింది: ఓఎస్ ఇన్‌స్టలేషన్, 1,500 రూపాయలు.

ఇదేంటని అడిగితే కౌంటర్లో అబ్బాయి సంతోషంగా చెప్పాడు. "మీ విండోస్ పూర్తిగా పోయింది మేడమ్. ఆన్ చేస్తే నల్లగా వచ్చి ఏదో అడుగుతోంది. ఫ్రెష్‌గా వేసేశాం."

పోయింది విండోస్ కాదు. అందులో విండోస్ లేనే లేదు. ఉన్నది డెబియన్ 12, అంటే లినక్స్‌లో ఒక రకం. ఆన్ చేయగానే నల్లటి తెర మీద ఒకటి రెండు వరుసలు వచ్చి "లాగిన్" అన్న చోట ఆగుతుంది. పేరు, పాస్‌వర్డ్ కొట్టి "స్టార్ట్ఎక్స్" అంటే డెస్క్‌టాప్ వస్తుంది. అదీ ఐ3 అనే, విండోలు సర్దే చిన్న ప్రోగ్రాము కాబట్టి ఐకాన్లుండవు, స్టార్ట్ మెనూ ఉండదు, కింద సన్నటి పట్టీ ఒకటి ఉంటుంది, అంతే. తెలియనివాళ్లు చూస్తే పాడైందనుకుంటారని నాకు తెలుసు. అందుకే మూత మీద చీటీ అంటించి మరీ ఇచ్చాను. "ఇది లినక్స్. నల్ల తెర రావడం మామూలే. చూడాలంటే టెస్ట్ అనే యూజర్, పాస్‌వర్డ్ కింద ఉంది. డిస్క్ ముట్టుకోవద్దు." ఆ చీటీ మాత్రం చెక్కుచెదరకుండా, జాబ్ షీట్‌తో పాటు ప్లాస్టిక్ కవర్లో తిరిగొచ్చింది.

అసలు పోర్టు పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఓఎస్‌తో పనేముంది? మిషన్ ఆఫ్‌లో ఉన్నా పిన్ను పెడితే పక్కన లైటు వెలుగుతుంది.

"ఫైల్స్ బ్యాకప్ లేవా మేడమ్?" అని అడిగారు. ఉన్నాయి. ఆదివారం రాత్రే బయటి హార్డ్ డిస్క్‌లోకి తీసుకున్నాను, పుస్తకాలన్నీ భద్రంగా ఉన్నాయి. పోయింది వేరు. ఇక్కడ నా తప్పు కూడా దాచుకోను. బ్యాకప్ కమాండ్‌లో హోమ్ ఫోల్డర్ పక్కన నక్షత్రం గుర్తు పెట్టుకున్నాను. ఆ గుర్తుకి "ఉన్నవన్నీ" అని అర్థం, కానీ చుక్కతో మొదలయ్యే పేర్లను అది లెక్కలోకి తీసుకోదు. నా సెట్టింగులన్నీ ఉండేది ఆ చుక్క ఫైళ్లలోనే. ఏళ్ల తరబడి ఆ కమాండ్ వాడుతూ ఆ సంగతి గమనించుకోలేదు, నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ నా బ్యాకప్‌లో లోటు ఉంటే, బాగున్న డిస్క్‌ని మీరు ఫార్మాట్ చేయొచ్చని కాదు గదా.

పోయినవేంటో ఒకటి రెండు చెబుతాను, లేకపోతే "సెట్టింగులే గదా, మళ్లీ పెట్టుకోండి" అంటారు.

"సాఫ్ట్‌వేర్" అన్న మాట చూడండి. ట్ తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం ఉంటుంది. యూనికోడ్‌లో దాని నంబరు 200సి. అది లేకపోతే వ కూడా వెళ్లి ట వత్తు పక్కన ఇంకో వత్తుగా కూర్చుని "సాఫ్ట్వేర్" అవుతుంది. ఫేస్‌బుక్, రాజ్‌కుమార్, అన్నిటికీ ఇదే గొడవ. ఒక్క నవలలో ఇది వందలసార్లు వస్తుంది. నేనెప్పుడూ వాడని క్యాప్స్‌లాక్ కీకి దాన్ని కట్టేసుకున్నాను. చిటికెన వేలు దానంతటదే వెళ్లేది. ఇప్పుడు అదే వేలు వెళ్లి క్యాప్స్‌లాక్ ఆన్ చేస్తోంది. రోజుకి ఎన్నిసార్లో!

ఇక షెల్, అంటే కమాండ్లు టైపు చేసే చోటు. నాది జెడ్‌షెల్. "ధథ" అని కొడితే, ఆ రెండు అక్షరాలు తారుమారయ్యే అవకాశమున్న మాటలన్నీ పేజీ నంబర్లతో సహా పెద్ద అక్షరాల్లో వరసగా వచ్చేవి. "ఘఫ" అని ఇంకోటి. ఒక్కో పుస్తకంలో ఒక్కో తప్పు దొరికినప్పుడల్లా ఆ ఫంక్షన్లలో ఒక్కో వరుస చేరుస్తూ వచ్చాను. ఎవరో రాసిచ్చినవి కావు, ఎక్కడా దొరికేవి కావు. అన్నిటికంటే బాధ షెల్ హిస్టరీ ఫైలు గురించి. 50,000 కమాండ్లు దాచేలా పెట్టుకున్నాను. పాత పుస్తకం పనేదైనా గుర్తు రాకపోతే కంట్రోల్ ఆర్ నొక్కి, రెండక్షరాలు కొడితే అప్పుడు ఏం చేశానో వచ్చేసేది. నా పని డైరీ అదే.

రికవరీకి ఇద్దామని వేరే చోట అడిగాను. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేని చిప్ డిస్క్. ఎస్‌ఎస్‌డీని విండోస్ ఫార్మాట్ చేసినప్పుడు ఖాళీ అయిన చోట్లన్నీ తుడిచేయమని డిస్క్‌కి చెబుతుందట, పాత హార్డ్ డిస్క్‌లా తవ్వి తీయడం కుదరదన్నారు. కీబోర్డు ఫైలు ఒక్కటి మాత్రం, ఏడాది కింద హైదరాబాద్‌లో ఉన్న స్నేహితురాలికి మెయిల్ చేసి ఉన్నాను కాబట్టి, దొరికింది. రేపు దాన్ని పెట్టుకుంటాను. మిగతావి ప్రూఫులు ఆపుకుని రాత్రిళ్లు కూర్చుని కొత్తగా రాస్తున్నాను.

జాబ్ షీట్ వెనక "డేటా నష్టానికి కంపెనీ బాధ్యత వహించదు" అని ఉంది, కింద నా సంతకమూ ఉంది. చదివే పెట్టాను. రిపేరు చేస్తుండగా పొరపాటున ఏదైనా పోతే ఆ మాట వర్తిస్తుంది, ఒప్పుకుంటాను. చెప్పని పనిని, వద్దని రాసిచ్చిన పనిని, ఒక్క ఫోన్ కూడా చేయకుండా చేసి దానికి బిల్లు వేయడం పొరపాటు కిందికి రాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో దీన్ని సేవాలోపం అంటారు.

నాకు కావలసినవి ఇవి. ఆ 1,500 రూపాయలు వెనక్కివ్వాలి. డిస్క్‌ని ఎవరి నిర్ణయం మీద, ఎందుకు ఫార్మాట్ చేశారో రాతపూర్వకంగా చెప్పాలి. మీ జాబ్ షీట్లో "మిషన్లో ఉన్న ఓఎస్" అని ఒక గడి, "డిస్క్ తుడవడానికి అనుమతి" అని వేరే సంతకం పెట్టే చోటు చేర్చాలి. పోయిన పనిదినాలకు పరిహారం ఎంతన్నది మీ జవాబు చూసి మాట్లాడతాను.

పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

బిల్లు, జాబ్ షీట్, మీ వాళ్లు భద్రంగా తిరిగిచ్చిన చీటీ, మూడింటి జెరాక్సులు జతచేస్తున్నాను. పోర్టు మాత్రం బాగా పనిచేస్తోంది.

ఇట్లు,
మీ కస్టమర్,
విజయవాడ