స్కిల్ ల్యాబ్ తాళాలు చేతికొచ్చాక

బ్రాడీపేట,
గుంటూరు.

చి. లావణ్యకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి షుగరు అదుపులోనే ఉంది.

నర్సింగ్ కాలేజీలో ట్యూటరుగా చేరీ చేరగానే, పిల్లలు మనిషి బొమ్మల మీద చికిత్స పనులు ప్రాక్టీసు చేసే స్కిల్ ల్యాబ్ తాళాలు నీ చేతిలో పెట్టారని ఫోనులో చెప్పావు. చాలా చోట్ల ఆ గది ఇన్‌స్పెక్షన్ నాడు తెరుచుకుంటుంది, మర్నాటి నుంచి బొమ్మల మీద దుమ్ము పేరుకుంటుంది. నీ దగ్గర అలా జరగకూడదనే నా తాపత్రయం. ఫోనులో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మొదట ఒక సంగతి గట్టిగా పట్టుకో. పిల్లలు బొమ్మ దగ్గర ఎలా చేస్తే వార్డులోనూ అలాగే చేస్తారు. మంచి అలవాటు ఎంత తేలిగ్గా అబ్బుతుందో చెడ్డదీ అంత తేలిగ్గానే అంటుకుంటుంది. "గ్లవ్స్ వేసుకున్నాను మేడమ్, పల్స్ చూశాను మేడమ్" అని నోటితో చెప్పేసి ముందుకు పోతుంటారు. ఒప్పుకోకు. గ్లవ్స్ నిజంగా వేసుకోవాలి, రెండు వేళ్ళు నిజంగా మెడ మీద పెట్టాలి. ఆంప్యూల్ పగలగొట్టి, మందు సిరంజిలోకి లాగి, లేబులు అంటించాలి. అందుకు రెండు నిమిషాలు పడితే పట్టనీ. ఎమర్జెన్సీలో మందు చేతికి రావడానికి నిజంగా ఎంతసేపు పడుతుందో వాళ్ళకి తెలిసేది అప్పుడే.

సీపీఆర్‌తో, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి శ్వాస ఇవ్వడంతో, మొదలుపెట్టు. పెద్దవాళ్ళకి ఛాతీ 5 సెంటీమీటర్లకి తగ్గకుండా, 6 దాటకుండా దిగాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. 30 నొక్కులకి 2 శ్వాసలు, మధ్యలో ఆపడం 10 సెకన్లు మించకూడదు. ఈ అంకెలు పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. చేతులే మాట వినవు. బొమ్మని పరుపు మీద పెట్టి నేర్పితే, నొక్కిన లోతులో కొంత పరుపే మింగేస్తుంది. నేల మీద చేయించు, లేదా వీపు కింద గట్టి చెక్క పెట్టించు. లోతు సరిపోగానే టిక్కుమనే బొమ్మ అయితే ఇంకో చిక్కు: టిక్కు వినపడితే చాలు, సగం పైకి లేచీ లేవకుండానే మళ్ళీ నొక్కేస్తారు. ఛాతీ పూర్తిగా పైకి లేస్తేనే గుండెలోకి రక్తం నిండుతుంది, నిండనిది ఎంత నొక్కినా బయటికి రాదు. అరచేతి మడమ ఛాతీని వదలకుండా, ఒంటి బరువు మాత్రం పూర్తిగా తీసేయమను.

మన పిల్లల్లో చాలామంది సన్నగా ఉంటారు. మోచేతులు వంచారంటే చేతి బలం మీదే ఆధారపడాలి, నిమిషంలో డీలా పడతారు. మోచేతులు నిటారుగా, భుజాలు సరిగ్గా చేతుల పైన, పొట్టివాళ్ళకి మంచం పక్కన చిన్న స్టూలు. 2 నిమిషాలకి మనిషి మారాల్సిందే. "నాకేం అలసట లేదు మేడమ్" అన్నా మార్చు. అలసట తెలియకముందే లోతు తగ్గడం మొదలవుతుంది. ఈ సీపీఆర్ బొమ్మకి మొదటి రూపం ఇచ్చింది ఎవరో తెలుసా? నార్వేలో పిల్లల ఆటబొమ్మలు చేసే అస్మండ్ లేర్డాల్, 1960లో.

సీపీఆర్ నేర్చుకున్న మూడు నుంచి ఆరు నెలల్లో చేతుల్లోంచి జారిపోతుంది. కాబట్టి ఏడాదికోసారి బ్యానరు కట్టి, రోజంతా వర్క్‌షాపు నడిపి, ఫొటోలు దిగడం నాకు నచ్చదు. ఒక బొమ్మని ల్యాబ్ గుమ్మం పక్కనే ఉంచు. ఆ నెలలో ల్యాబ్‌కి వచ్చే ప్రతి పిల్లా లోపలికి రాగానే 2 నిమిషాలు చేయాలి, నువ్వో సీనియరో పక్కన నిలబడి తప్పు అక్కడికక్కడే చెప్పాలి. ఖర్చేమీ ఉండదు.

ప్రసవం తర్వాత రక్తస్రావం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే బొమ్మ లేకుండానే బాగా నేర్పగలిగే పాఠం ఇది. 500 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదం అని అందరికీ తెలుసు. ఎదురుగా దుప్పటి మీద ఉన్నది 500 అవునో కాదో మాత్రం కంటికి తెలియదు. నకిలీ రక్తం కోసం లీటరుకి రెండు చెంచాల చొప్పున రెండు లీటర్ల నీళ్ళలో కార్న్‌ఫ్లోర్ కలిపి ఉడికించి, చల్లారాక ఎర్ర మిఠాయి రంగు, చిటికెడు కాఫీ పొడి వెయ్యి. గడ్డల కోసం చైనాగ్రాస్ కాచి, అదే రంగు కలిపి ముక్కలు చెయ్యి. కొలపాత్రతో కొలిచి 100 ఒక ప్యాడ్ మీద, 300 రెండు గుడ్డల్లో, 500 దుప్పటి మీద, 1000 దుప్పటి మీంచి నేలకి జారేలా పొయ్యి. పిల్లలు మాట్లాడుకోకుండా చూసి, ఎవరి అంచనా వాళ్ళు చీటీ మీద రాయాలి. పెద్ద మొత్తాల దగ్గర అంచనా బాగా తక్కువకి పడిపోతుంది. లీటరు పోసిన చోట ఎంత రాశారో నువ్వే చూడు.

చీటీలు చదివాక తూకం తియ్యి. పొడి ప్యాడ్ 40 గ్రాములు, తడిసింది 190 గ్రాములు అయితే తేడా 150. రక్తం ఒక గ్రాము సుమారు ఒక మిల్లీలీటరు కాబట్టి 150 మిల్లీలీటర్లు పోయినట్టు. వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి చాలు. దుప్పటి, ప్యాడ్‌ల పొడి బరువులు ముందే రాసి గోడకి అంటించకపోతే ఈ లెక్క కుదరదు, అందరూ మర్చిపోయేది అక్కడే.

ఆ తర్వాత సీను నడుపు. ఒకమ్మాయి బాలింత, ఇంకొకరు అత్తగారు. అత్తగారి వేషానికి నోరున్న పిల్లని ఎంచుకో. "ఏవమ్మా, మా పిల్లకి ఏవైంది? అడిగితే చెప్పరేంటి?" అని వెంటపడుతూనే ఉండాలి, వార్డులో జరిగేది అదే కదా. సహాయానికి కేక వేయడం, గర్భసంచి మర్దన, మూత్రాశయం ఖాళీ చేయించడం, నరంలోకి రెండు పెద్ద క్యాన్యులాలు (మందు ఎక్కించే ప్లాస్టిక్ గొట్టాలు), గర్భసంచి ముడుచుకునేందుకు ఆక్సిటోసిన్, ప్రసవమైన 3 గంటలలోపే రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము 10 నిమిషాల మీద నరంలోకి. ఈ వరస వాళ్ళకి వస్తుంది. రానిది డాక్టరుకి ఫోను చేయడం. "డాక్టరుగారూ, పేషెంటు బాలేదండీ, త్వరగా రండి" అని పెట్టేస్తారు. ఎవరు మాట్లాడుతున్నారు, ఏ మంచం, ప్రసవమై ఎంతసేపైంది, బీపీ ఎంత, పల్స్ ఎంత, రక్తం ఎన్ని మిల్లీలీటర్లు పోయింది, ఇప్పటిదాకా ఏం ఇచ్చారు, ఇప్పుడేం కావాలి. అర నిమిషంలో చెప్పగలిగే దాకా మళ్ళీ మళ్ళీ చేయించు. అవతల డాక్టరుగా నువ్వే మాట్లాడు, కాస్త చిరాకు కూడా పడు.

మీ కాలేజీలో హై ఫిడెలిటీ బొమ్మ, అంటే నిజం మనిషిలా శ్వాస, పల్స్ చూపించే ఖరీదైన బొమ్మ, లేదని దిగులు పడకు. 1759లో ఫ్రాన్సు రాజు మంత్రసానులకి నేర్పమని నియమించిన దు కుద్రే అనే ఆవిడ గుడ్డతో, దూదితో కటి భాగం, బిడ్డ బొమ్మ కుట్టించుకుని ఊరూరా తిరిగి పాఠం చెప్పింది. ఐవీ (నరంలోకి పెట్టే) క్యాన్యులా నేర్పడానికి నువ్వూ అలాగే చెయ్యి. రెండంగుళాల ఫోమ్‌లో పొడుగునా గాడి కోసి, సన్నటి రబ్బరు ట్యూబు పరిచి, పైన పాత గ్లవ్స్ కత్తిరించి చర్మంలా బిగించు. ఐవీ సెట్టు గొట్టం వాడకు, గట్టిగా ఉండి సూది జారిపోతుంది, పడిన రంధ్రం మూసుకోదు. ట్యూబు ఒక చివర క్లిప్పు, రెండో చివర ఎర్ర నీళ్ళ సీసా అడుగు ఎత్తున వేలాడాలి. అప్పుడు గుచ్చగానే సూది వెనక రక్తం కనబడుతుంది. అక్కడే సగంమంది తప్పు చేస్తారు: రక్తం కనబడిందన్న సంబరంలో అదే కోణంలో ఇంకా తోసేస్తారు, నరం అవతలి గోడ చిల్లు పడుతుంది. కోణం తగ్గించి, రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి జరిపి, సూదిని కదలనీయకుండా క్యాన్యులాని మాత్రం ముందుకి తోయాలి. వెనక్కి తీసిన సూదిని మళ్ళీ క్యాన్యులాలోకి దూర్చనీయకు, ప్లాస్టిక్ చీలి ముక్క నరంలోనే ఉండిపోవచ్చు. సూది బయటికి తీసేముందు చేతికి బిగించిన టోర్నికే పట్టీ విప్పారా లేదా అని ప్రతిసారీ చూడు. ఫోమ్‌కి నొప్పి ఉండదు, దాని నరం పక్కకి జరగదు. కాబట్టి ఫోమ్ మీద పాసైన పిల్లని మనిషి దగ్గరికి ఒంటరిగా పంపకు.

ఇక ఆన్‌లైన్ సంగతి. 2020లో కోవిడ్ సమయంలో ఐగాట్ దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ శిక్షణ వేదికలో ఎంతోమంది ఆరోగ్య సిబ్బంది ఫోనులోనే పాఠాలు చూశారు, ఆ వాడుక అప్పటినుంచీ నిలిచిపోయింది. నా లెక్కలో ఆన్‌లైన్ పాఠం ల్యాబ్‌కి ముందు పని. ల్యాబ్‌లో నువ్వు అరగంట లెక్చరిస్తే ఇరవైమందికి చేతులు పెట్టే సమయం ఎక్కడిది? వీడియో 6 నుంచి 8 నిమిషాలకి మించనీయకు, డౌన్‌లోడ్ చేసుకునేలా పెట్టు. శనివారం మాచర్ల వైపో రేపల్లె వైపో ఇళ్ళకి వెళ్ళే పిల్లలకి సిగ్నలు ఉన్నచోట దింపుకుని తర్వాత చూసుకునే వీలుండాలి.

పిల్లలు రెండింతల వేగంతో తిప్పేసి, క్విజ్ జవాబులు వాట్సాప్‌లో పంచుకుంటారు. కోప్పడి లాభం లేదు. ఒక్కొక్కరికి అంకెలు మారే ప్రశ్నలు ఇవ్వు. సెలైన్ చుక్కల లెక్క దీనికి చక్కగా సరిపోతుంది. 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో పోవాలి, సెట్టు మిల్లీలీటరుకి 20 చుక్కలది. 500ని 20తో గుణించి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి సుమారు 42 చుక్కలు. గంటల్ని నిమిషాలు చేయడం మరిచిన పిల్ల 2500 అని రాస్తుంది, రాసి ఆశ్చర్యపోదు కూడా! అందుకే ప్రతి లెక్క కింద "ఈ జవాబు నమ్మేలా ఉందా?" అన్న ప్రశ్న కూడా పెట్టు. 15 చుక్కల సెట్లూ ఉంటాయి, 60 చుక్కల మైక్రో సెట్లూ ఉంటాయి, ప్యాకెట్ మీద చూడమను. ఒకే లెక్కని అదే రోజు పదిసార్లు చేయించేకంటే రెండు రోజులకి, వారానికి, నెలకి ఒక్కోటి పంపితే ఎక్కువ నిలుస్తుంది. ఇవన్నీ ఫోనులో బాగా జరుగుతాయి. క్యాన్యులా పెట్టడం మాత్రం ఎంత మంచి వీడియో చూసినా రాదు.

సీను అయ్యాక మాట్లాడుకునే సమయాన్ని గంట కొట్టారని ఎగ్గొట్టకు. 10 నిమిషాల సీనుకి 20 నిమిషాల చర్చ ఉండాలి, నేర్చుకునేది ఎక్కువగా అక్కడే. "ఏం తప్పు చేశావు?" అని మొదలుపెడితే ఆ పిల్ల నోరు మూతపడుతుంది, మిగతావాళ్ళు నేల చూస్తారు. ముందు ఎలా అనిపించిందో అడుగు. తర్వాత ఏం జరిగిందో వాళ్ళ చేతే వరసగా చెప్పించు. ఆ తర్వాత, "బీపీ 80 అని చూశాక రెండు నిమిషాలు ఆగి ఫోను చేశావు. నాకు కంగారు అనిపించింది. అప్పుడు నీ మనసులో ఏముంది?" అని అడుగు. అడిగి ఊరుకో, పది సెకన్ల మౌనం భరించు. "డాక్టరుగారు తిడతారేమోనని ఆగాను మేడమ్" అన్న జవాబు వచ్చిందంటే అసలు జబ్బు దొరికినట్టే, అది మందుల జ్ఞానం లోపం కాదు. ఇదంతా తెలుగులోనే జరగనీ. ఇంగ్లీషు కేసు షీట్ రాసేటప్పుడు నేర్చుకుంటారు. చర్చ కోసం ఫోనులో తీసిన వీడియో అదే రోజు తీసేయ్, ఏ గ్రూపులోకీ పోనీయకు.

బొమ్మల విషయానికొస్తే, గాయాలకి పూసే పోవిడోన్ అయోడిన్ వాటి మీద వాడనీయకు, మరక పోదు. బాల్‌పెన్ గీతా అంతే. న్యూస్‌పేపర్ పరిచి బొమ్మని పడుకోబెడితే అక్షరాలు చర్మానికి అంటుకుంటాయి. గొట్టాలు వేసేటప్పుడు నీళ్ళలో కరిగే జెల్లీయే వాడాలి. మే నెలలో గది మూసేసి వెళితే ప్లాస్టిక్ జిగురుగా తయారవుతుంది, సెలవులకి ముందు బ్యాటరీలు తీసేసి, చల్లటి గదిలోకి మార్పించు.

మరొకటి, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. ల్యాబ్‌లోని సెలైన్ సీసాలు, కాలం చెల్లిన మందులు ఆసుపత్రి స్టాకులో కలవకూడదు. 2014లో అమెరికాలో శిక్షణ కోసం చేసిన సెలైన్ సంచులు పొరపాటున క్లినిక్‌లకి చేరి రోగులకి ఎక్కించేశారు, జ్వరం, వణుకులతో జనం ఆసుపత్రుల పాలయ్యారు. ప్రతి సీసా మీద ఎర్ర మార్కరుతో "శిక్షణకు మాత్రమే" అని రాసి, వేరే బీరువాలో తాళం వేసి, తాళం నీ దగ్గరే పెట్టుకో. సూర్యారావుపేట సర్జికల్ షాపుల్లో రబ్బరు ట్యూబు దొరక్కపోతే ఫోను చెయ్యి, ఇక్కడ కొత్తపేటలో కొని నాన్నగారి చేత బస్సుకి పంపిస్తాను.

ఇట్లు,
అమ్మ