నేల మీద చేపలాట మొదలైంది

గ్రూపులో అందరికీ నమస్కారం. మన విజయనగరం ఫిజియోథెరపీ సెంటర్‌లో సీలింగుకి ప్రొజెక్టర్, పక్కనే కెమెరా బిగించాం. నేల మీద చెరువు కనిపిస్తుంది, చేప మీద కాలు వేస్తే అది తుర్రుమంటుంది. కాలి కదలికని కెమెరా పట్టుకుంటుంది, ఒంటికి ఏ వైరూ తగిలించక్కర్లేదు.

పక్షవాతం వచ్చినవాళ్లకి, సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కాళ్లూచేతులూ పట్టుతప్పడం) ఉన్న పిల్లలకి ఒకే కదలిక మళ్లీ మళ్లీ చేయించాలి కదా. "ఇంకో పది" అనగానే మొహం మాడ్చుకునే పిల్లడు ఇక్కడ చేప కోసం ఆ బలం లేని కాలే ముందుకి వేస్తున్నాడు. బరువు దాని మీద పడాలనే మా తాపత్రయమంతా. స్కోరు మీరు చూసుకోండి, మడమ నేలకి ఆనిందో లేదో మేం చూస్తాం.

మామూలు ఎక్సర్‌సైజులు మాత్రం మానొద్దు, ఇది వాటికి తోడే. తూలే పెద్దవాళ్ల పక్కన ఒక మనిషి ఉండాల్సిందే. మూర్ఛ ఉంటే ముందే చెప్పండి, మిరుమిట్లు గొలిపే ఆటలు పెట్టం. అమ్మలూ, కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోండి. సాక్సులు వద్దు, టైల్స్ మీద జారుతాయి.

బొబ్బిలి, గజపతినగరం వాళ్లు బస్సెక్కే ముందు మెసేజ్ పెట్టండి, కరెంటు ఉందో లేదో చెప్తాం.