కీమో రోజుల్లో నడక: మన సంఘం 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది నివేదికలో ఎక్కువ భాగం ఒక్క పని గురించే రాస్తున్నాను. పెద్దపేగు, మలాశయ క్యాన్సర్‌కు కీమో ఎక్కించుకుంటున్న మన సభ్యుల చేత రోజూ కాసేపు నడిపించడం, కుర్చీ వ్యాయామాలు చేయించడం. మిగతావి చివర్లో క్లుప్తంగా చెప్తాను.

ఇది నా మనసులో ఎందుకు పడిందో ముందు చెప్పాలి. మా అన్నయ్యకు ఇదే జబ్బు వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఆరు నెలలు, పదిహేను రోజులకోసారి కీమో. మేము ఆయన్ని మంచం దిగనివ్వలేదు. మంచినీళ్ళు కూడా చేతికే అందించాం. అదే ప్రేమ అనుకున్నాం. చివరి కీమో నాటికి తొడలు కరిగిపోయి, రెండు చేతులూ ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోయారు. అందులో మందు వల్ల వచ్చింది కొంత, మేము పడుకోబెట్టడం వల్ల వచ్చింది కొంత. ఆ రెండో భాగం ఇంకో ఇంట్లో జరగకూడదని నా పట్టుదల.

2025 జూన్‌లో పేపర్లలో ఒక వార్త వచ్చింది. కెనడా, ఆస్ట్రేలియా డాక్టర్లు ముందుండి నడిపిన పెద్ద పరిశోధన ఫలితాలు షికాగోలో జరిగిన క్యాన్సర్ డాక్టర్ల సదస్సులో బయటపెట్టారు. ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో సగం మందికి మూడేళ్ళపాటు శిక్షకుల తోడుతో వ్యాయామం చేయించారు. మిగతా సగానికి ఆరోగ్య సలహాల పుస్తకాలు ఇచ్చారు. ఐదేళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు వ్యాయామం చేసినవారిలో 80.3 శాతం, రెండో గుంపులో 73.9 శాతం. ఎనిమిదేళ్ళకు బతికి ఉన్నవాళ్ళు 90.3 శాతం, 83.2 శాతం.

ఆ వారమంతా నా ఫోన్ మోగుతూనే ఉంది. "అయితే కీమో మానేసి నడిస్తే సరిపోతుందా అన్నా?" అని ఇద్దరు అడిగారు. సరిపోదు. ఆ పరిశోధనలో వ్యాయామం చేసినవాళ్ళంతా కీమో అయ్యాకే మొదలుపెట్టారు, మందుకు బదులుగా కాదు. కీమో నడుస్తుండగా చేసే వ్యాయామం వల్ల నీరసం తగ్గుతుంది, ఒంట్లో బలం నిలుస్తుంది, మనసు కుదుటపడుతుంది. నేను మాట ఇవ్వగలిగింది అంతవరకే. అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం కూడా 2022లో, జబ్బు నయం చేయడానికి చికిత్స ఇస్తున్నప్పుడు రోగులకు వ్యాయామం సూచించమని డాక్టర్లకు చెప్పింది.

జూన్ రెండో శనివారం నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున తొలి నడక పెట్టాం. ఆ రోజే తప్పు చేశాం. కోవూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు రెండు రోజులుగా విరేచనాలు. రాకపోతే బాగుండదని చెప్పకుండా వచ్చారు. మేమూ అడగలేదు. ఏడున్నరకే ఎండ మాడుస్తోంది. సగం దూరంలో కళ్ళు తిరిగి కూలబడ్డారు. ఆసుపత్రికి తీసుకెళ్ళి సెలైన్ పెట్టించాక సాయంత్రానికి తేరుకున్నారు. ఆయన కుటుంబానికి సంఘం తరఫున క్షమాపణ చెప్పాను, ఇక్కడ మళ్ళీ చెప్తున్నాను.

అప్పటి నుంచి అడుగు వేయకముందే ప్రతి ఒక్కరినీ నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాం. జ్వరం ఉందా, విరేచనాలో వాంతులో అవుతున్నాయా, కళ్ళు తిరుగుతున్నాయా, గుండెల్లో నొప్పి ఉందా. ఒక్కదానికి అవునన్నా ఆ రోజు నడక లేదు. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరినా, కీమో మాత్రలు వేసుకునేవారికి గుండెల్లో నొప్పి వచ్చినా, ఇంట్లో జ్వరం మాత్రో నొప్పి మాత్రో వేసుకుని చూద్దామని ఆగకుండా నేరుగా ఆసుపత్రికే. ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ బాగా తగ్గినప్పుడు డాక్టర్ సరేనంటేనే రావాలి.

ఇంకో సంగతి మాకు సభ్యులే నేర్పారు. కీమోకు దాని క్యాలెండర్ ఉంది. ఎక్కించాక మొదటి మూడు నాలుగు రోజులు చాలామందికి గుమ్మం దాటడమే గొప్ప. ఆ రోజుల్లో వరండాలో ఐదేసి నిమిషాలు, రోజుకు మూడుసార్లు చాలు. వారం దాటాక ఇరవై నిమిషాలు, తర్వాత అరగంట. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడబోతే ఊపిరి అందకూడదు, అదే మన కొలత. వారానికి రెండుసార్లు ప్లాస్టిక్ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదిసార్లు. గోడ పట్టుకుని మడమలు ఎత్తడం. ఇవి మనకు నేర్పిన ఫిజియోథెరపిస్టు రూపాయి తీసుకోలేదు.

ఒక చెల్లెమ్మ గురించి చెప్పాలి. ఆవిడ ఆసుపత్రి నుంచి భుజం ఎముక కింద చర్మంలో అమర్చిన పోర్టుకు (మందు ఎక్కించే చిన్న ద్వారం) తగిలించిన చిన్న పంపుతో ఇంటికొస్తుంది. పాలసీసా అంత ఉంటుంది, లోపల బెలూన్‌లోంచి మందు 46 గంటలపాటు బొట్టు బొట్టుగా ఎక్కుతుంది. దాన్ని చేత్తో పట్టుకుని కదలకుండా కూర్చునేది. వాళ్ళత్తగారు నా ముఖానే అడిగారు, "మందెక్కుతున్న మనిషిని తిప్పుతారా, ఏం నాయనా?" అని. కుట్టుమిషన్ ఉన్న మన సభ్యురాలొకరు పాత చీర ముక్కతో మెడలో వేసుకునే సంచి కుట్టిచ్చారు. ఇప్పుడు ఆ సీసా సంచిలో ఉంటుంది, చెల్లెమ్మ వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తుంది, వెనకాలే అత్తగారు లెక్కపెడుతుంటారు. అలాంటి సంచులు ఈ ఏడాది తొమ్మిది కుట్టించాం.

ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకునేవారికి చల్లదనం పడదు. ఫ్రిజ్‌లో స్టీలు గ్లాసు ముట్టుకుంటే కరెంటు షాక్ కొట్టినట్టు వేళ్ళు జివ్వుమంటాయి. డిసెంబరు పొద్దున చెరువు గాలికి ఒకరికి గొంతు బిగుసుకుపోయినట్టయి హడలిపోయారు. అందుకని చలికాలం నడకను ఎనిమిదింటికి మార్చి, మఫ్లర్, గోరువెచ్చని నీళ్ళు తప్పనిసరి చేశాం. కేపసిటాబిన్ అనే కీమో మాత్రలు వాడేవారికి అరికాళ్ళు ఎర్రబడి తోలు లేస్తుంది. ఆ రోజుల్లో నడక వద్దు, కుర్చీలోనే చేయండి. మామూలప్పుడు కూడా మెత్తటి బూట్లు, నూలు మేజోళ్ళు వేసుకోండి. హవాయి చెప్పులతో వస్తే వెనక్కి పంపిస్తున్నానని కొందరికి నా మీద కోపం ఉంది. కాళ్ళలో తిమ్మిరి ఉన్నవాళ్ళు ఆ చెప్పులతో పడిపోతారనే నా భయం.

మలం పోవడానికి పొట్ట మీద సంచి పెట్టినవారు మొదట్లో ఎవరూ రాలేదు. నలుగురిలో లీకైతే ఎలాగని టెన్షన్. వాళ్ళకు వేరే వేళ పెట్టాక ముగ్గురు వచ్చారు. బరువులు ఎత్తకూడదు, పొట్ట మీద ఒత్తిడి పడే వ్యాయామాలు డాక్టర్‌ని అడగకుండా చేయకూడదు. నడక మాత్రం వాళ్ళకూ మంచిదే.

జులైలో రొట్టెల పండగకు స్వర్ణాల చెరువు గట్టు కిటకిటలాడింది. కీమోతో రక్తంలో తెల్లకణాలు తగ్గినవారికి అంటురోగాలు త్వరగా సోకుతాయి కాబట్టి, ఆ జనంలో తిరగకూడదని గట్టు మీద నడక ఆపేశాం. అక్టోబరు చివర్లో మొంథా తుపాను వానలకు ఇళ్ళలోనే వీడియో కాల్‌లో చేయించాం. కరెంటు ఉన్నంతసేపే సాగింది.

ఏడాదిలో మొత్తం 23 మంది చేరారు. ఐదుగురు మధ్యలో మానేశారు. ఇద్దరు మనల్ని విడిచి వెళ్ళిపోయారు. వారిలో ఒకరు చివరి నెలలో కూడా శనివారం ఫోన్ చేసి ఈరోజు ఎంతమంది వచ్చారని అడిగేవారు.

మిగతా పనులు: చికిత్సకు చెన్నై వెళ్ళే కుటుంబాలకు రైలు రాయితీ ఫారాలు నింపి ఇచ్చాం. స్లీపర్‌లో క్యాన్సర్ రోగికి టికెట్ ఉచితం, తోడు వెళ్ళేవారికి 75 శాతం తగ్గింపు. ఇది చాలామందికి తెలియదు, దయచేసి చెప్పండి. ఎన్టీఆర్ వైద్య సేవ కాగితాల విషయంలో సాయం అడిగినవారందరికీ చేశాం. రక్తదాన శిబిరం ఒకటి జరిగింది. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు.

వచ్చే ఏడాదికి నడకకు తోడు వచ్చే మనుషులు కావాలి. రోగితో పాటు ఇంకొకరు నడిచిన ఇళ్ళలోనే ఇది ఆగకుండా సాగింది. కావలి, ఆత్మకూరు, గూడూరు నుంచి కూడా అడుగుతున్నారు, అక్కడ మనకు ఎవరూ లేరు. వారానికి రెండు పొద్దుటి వేళలు ఇవ్వగలిగినవారు సమావేశం అయ్యాక నా దగ్గరున్న పుస్తకంలో పేరు, ఊరు, వీలైన రోజు రాసి వెళ్ళండి.

ఇట్లు,
కార్యదర్శి
నెల్లూరు