టెక్సాస్‌లోని డెనిసన్ నుంచి నాన్నగారికి

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. పక్క ఊరు షెర్మన్‌లో ఎలక్ట్రానిక్ చిప్పుల ఫ్యాక్టరీ పని ఎప్పటిలాగే ఉంది, నైట్ షిఫ్టులు తగ్గాయి. అంతకుమించి రాయడానికేమీ లేదు.

ఇంటి సంగతి చెప్తాను. పట్టాల పక్కన తీసుకున్నానని అమ్మకి కోపం. బిట్రగుంట రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని, బండి చప్పుడుకి నిద్ర చెడుతుందా? అద్దె తక్కువ, ఇంటివాళ్లు మర్యాదస్తులు, పైగా తలుపుకి రెండు గడియలు. ఇక్కడి గూడ్సు లెవెల్ క్రాసింగ్ దగ్గర రెండు పొడుగు కూతలు, ఒక పొట్టి, మళ్లీ ఒక పొడుగు వేస్తుంది. మన దగ్గర ఒకటే సాగదీసిన కూత కదా.

ఈ ఊరిని పుట్టించిందే రైలు కంపెనీ. మిస్సోరీ-కాన్సాస్-టెక్సాస్ రైల్వే, జనం నోట్లో కేటీ. ఉత్తరం నుంచి రెడ్ నది దాటి టెక్సాస్‌లో అడుగుపెట్టిన మొదటి లైను అదే. 1872 సెప్టెంబరులో ఇళ్ల స్థలాలు అమ్మారు, క్రిస్మస్ నాటికి బండి వచ్చేసింది. ఊరి పేరు కూడా కంపెనీ ఉపాధ్యక్షుడిదే. ప్రెసిడెంటు ఐసెన్‌హోవర్ 1890లో ఇక్కడే, పట్టాల దగ్గరి ఇంట్లో పుట్టాడు. వాళ్ల నాన్న కేటీలో ఇంజన్లు తుడిచేవాడు. పక్క క్వార్టరు బాబాయికి చెప్పండి, కొడుకు చదవడం లేదని ఊరికే దిగులుపడతాడు.

ఇది వింటే మాత్రం మీకు ఒళ్లు మండుతుంది. 1896లో ఇదే కేటీవాళ్లు వేకో ఊరికి ఉత్తరాన, కావాలనే రెండు బండ్లను ఎదురెదురుగా గుద్దించారు. టికెట్లు అమ్ముకోవడానికి వేడుక! సుమారు నలభై వేలమంది చూడటానికి వచ్చారట. బాయిలర్లు పేలవని ధీమాగా ఉన్నారు. రెండూ పేలాయి, ఇనుప ముక్కలు జనం మీద పడి ప్రాణాలు పోయాయి. ఏర్పాటు చేసిన క్రష్ అనే అధికారిని ఆ రాత్రే తీసేసి, వెంటనే మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారని చెప్తారు. మీరైతే ఏమనేవారో నాకు తెలుసు.

కేటీ 1988లో యూనియన్ పసిఫిక్‌లో కలిసిపోయింది. ఇటుకల స్టేషను నిలబడే ఉంది, ప్రయాణికుల బండి మాత్రం ఒక్కటీ రాదు. గూడ్సులు మాత్రం కనుచూపు మేర సాగుతాయి, కంటైనరు మీద కంటైనరు. నాన్నా, వాటికి బ్రేక్ వ్యాన్ లేదు. గార్డూ లేడు. చివరి వ్యాగన్ కప్లింగ్‌కి చిన్న పెట్టె తగిలిస్తారు, అదే బ్రేకు గొట్టంలో గాలి ఎంత ఉందో రేడియోలో ఇంజనుకి చెప్తుంది. దాని మీద ఒక ఎర్ర దీపం మినుకుమంటుంది. ఎవరైనా పచ్చజెండా ఊపుతారేమోనని చివరిదాకా చూస్తూనే ఉంటాను.

సంక్రాంతికి రావడం లేదంటే ఫోనులో మీరేమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వీసా స్టాంపింగ్‌కి తేదీ దొరక్కుండా వచ్చి అక్కడ ఇరుక్కుంటే ఉద్యోగం పోతుంది. రావాలని లేక కాదు, అది నా చేతిలో లేదు.

కంటి ఆపరేషన్ ఇంక వాయిదా వేయకండి. సిగ్నల్ దూరం నుంచే కనిపిస్తోందని నాకు చెప్పకండి, పేపరు చదవలేకపోతున్నారని తమ్ముడు చెప్పాడు. డబ్బు వాడి ఖాతాకి పంపాను. అమ్మకి తెలియనివ్వకండి, వెనక్కి పంపమంటుంది.

మీ పెద్దమ్మాయి