మంత్రిగారూ, డెలివరీ కుర్రాళ్లకు బేరమాడే హక్కు కూడా ఇవ్వండి

కేంద్ర కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

2025 నవంబర్ 21న లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి, డెలివరీ కుర్రాళ్లలాంటి గిగ్ వర్కర్లకు చట్టంలో చోటు దొరికింది, సంతోషం. యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సామాజిక భద్రత నిధికి కట్టాలనడమూ మంచిదే. కానీ రేపు పొద్దున కిలోమీటరు రేటు తగ్గించేస్తే, కారణం చెప్పకుండా ఐడీ బ్లాక్ చేస్తే ఆ కుర్రాడు ఎవరిని అడగాలి? నలుగురూ కలిసి కంపెనీతో రేటు మాట్లాడుకునే హక్కు గురించి, గిగ్ వర్కర్లకు చోటిచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో ఏమీ లేదు.

ఈ చిక్కు పాతదే. కెనడాలో హ్యారీ ఆర్థర్స్ అనే లేబర్ లా ప్రొఫెసర్ 1965లోనే దీని గురించి రాశారు. అప్పట్లో యాప్‌లెక్కడివి, ఆయన చూసింది సొంత లారీ నడుపుకునేవాళ్లని, టాక్సీవాళ్లని, చేపలు పట్టేవాళ్లని. లారీ వాళ్లదే, డీజిల్ వాళ్లదే, అప్పూ వాళ్లదే, కానీ లోడు ఇచ్చేదీ రేటు చెప్పేదీ ఒకే కంపెనీ. కాగితం మీద వ్యాపారులు కాబట్టి యూనియన్ పెట్టుకోలేరు, పైగా అందరూ కలిసి ఇంత ఇవ్వాలని అడిగితే వ్యాపారులు కుమ్మక్కయ్యారని కేసు పడే ప్రమాదం. ఉద్యోగికీ వ్యాపారికీ మధ్యలో ఉన్న వీళ్లని డిపెండెంట్ కాంట్రాక్టర్లుగా గుర్తించి, బేరమాడే హక్కు ఇవ్వాలన్నది ఆయన వాదన. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 1975లో దాన్ని చట్టంలో పెట్టింది. 2020 ఫిబ్రవరిలో అక్కడి లేబర్ బోర్డు ఫుడోరా అనే ఫుడ్ డెలివరీ కంపెనీ డెలివరీవాళ్లు యూనియన్ పెట్టుకోవచ్చని తేల్చింది ఆ నిబంధన ఆధారంగానే. ఆ కంపెనీ కొన్ని నెలలకే కెనడా వదిలి వెళ్లిపోయిన మాట నిజమే, అయితే చట్టం అక్కడే ఉంది, తర్వాత వచ్చే కంపెనీకీ వర్తిస్తుంది.

ఆర్థర్స్ 1972 నుంచి 1977 దాకా ఆస్‌గూడ్ హాల్ లా స్కూల్ డీన్, ఆ తర్వాత యార్క్ యూనివర్సిటీ ప్రెసిడెంట్. అంత పెద్ద కుర్చీల్లో కూర్చున్నా కార్మికుల విషయం వదల్లేదు. 2004లో అక్కడి ఫెడరల్ ప్రభుత్వం కార్మిక ప్రమాణాల సమీక్ష ఆయనకే అప్పగిస్తే, దేశమంతా బహిరంగ విచారణలు జరిపించి 2006లో నివేదిక ఇచ్చారు. బేరమాడే శక్తి ఎంత తక్కువున్నా సరే, మర్యాద లేని పరిస్థితుల్లో ఏ కార్మికుడూ పనిచేయాల్సిన గతి పట్టకూడదన్నదే దాని పునాది.

మన దగ్గరా జీవితమంతా లేబర్ లా చెప్పిన ప్రొఫెసర్లున్నారు. వాళ్లని సెమినార్‌లో దండ వేసి పంపేయకండి. వాళ్లలో ఒకరికి ఇలాంటి సమీక్ష అప్పగించి, గడువు పెట్టి, నివేదిక అందరికీ కనిపించేలా బయటపెట్టండి. విచారణలు మాత్రం మధ్యాహ్న భోజనాల వేళ, రాత్రి భోజనాల వేళ పెట్టొద్దు, ఆ టైములో డెలివరీవాళ్లు రోడ్ల మీదే ఉంటారు, రమ్మన్నా రాలేరు.

ఇట్లు,
లేబర్ లా చదువుకున్న ఒక పౌరుడు